పిప్పళ్ళవారు ర్యామ్ ముక్క కొన్న వైనం

సత్యవేణికి నలభై రెండేళ్ళు. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా దాని మీద రాసి ఉన్నదంతా ఆఖరి అక్షరం దాకా చదువుతుంది. ఉప్పు ప్యాకెట్టయినా సరే, దోమల చక్రాల డబ్బా అయినా సరే, కళ్ళజోడు పైటకొంగుతో తుడుచుకుని నిలబడి చదివేస్తుంది.

అత్తవారింట్లో దీన్నొక జబ్బుగా లెక్కేశారు. పిప్పళ్ళవారి మగవాళ్ళకి చదవాల్సిన అవసరమేముంది? బుర్రలున్నాయి. మామగారు నాగభూషణం, భర్త వీరభద్రం, మరిది తాతాజీ. ఈ ముగ్గురూ ఒకే అరుగు మీద కూర్చుంటే తెలివి బరువుకి నరసాపురం ఆ పక్కకి ఒరిగిపోతుందేమోనని వాళ్ళకే అప్పుడప్పుడూ బెంగ పట్టుకునేది.

ఊరికే అనుకోవడం కాదు, రుజువులున్నాయి. ఒకసారి హాల్లో ఫ్యాను తిరగబడి తిరుగుతోందనీ, అందుకే గాలి రావడం లేదనీ ఎలక్ట్రీషియన్ చెప్పాడు. తీగలు మార్చడానికి రేపొస్తానన్నాడు. వాడొచ్చేసరికి ఇంట్లో రిపేరు అయిపోయింది. ముగ్గురూ తల పెట్టే వైపు కాళ్ళు, కాళ్ళు పెట్టే వైపు తలా పెట్టుకుని పడుకున్నారు. ఫ్యాను తిరగబడితే మనిషి తిరగబడాలి గాని దానికి కూలెందుకని నాగభూషణం గారు వాణ్ణి గుమ్మంలోంచే పంపించేశారు. ఆ వేసవంతా చెమటలో ఈదారు. ఉపాయం తట్టబట్టి ఇంతటితో పోయింది గాని, లేకపోతే ఇంకెంత ఉక్కపోసేదో అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

అలాంటి ఇంట్లో సత్యవేణికి ఒక ల్యాప్‌టాప్ ఉంది. నరసాపురం ఆడవాళ్ళు లేసు అల్లుతారు కదా, ఆ అల్లికలకి డిజైన్లు ఆమె గీస్తుంది. ఈసారి మద్రాసు నుంచి పెద్ద టేబుల్ గుడ్డకి ఆర్డరొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా డిజైను పంపిస్తే వాళ్ళ వీధిలో ఆడవాళ్ళకి ఆర్నెల్ల పని. పంపకపోతే ఆర్డరు ఇంకో ఊరికి పోతుంది.

ఒక్క పువ్వు గీసినంతసేపూ ల్యాప్‌టాప్ బుద్ధిగానే ఉంది. పువ్వులన్నీ గుడ్డ నిండా పరిచేసరికి కదలనని మొరాయించింది. సత్యవేణి దాని గురించి చదవాల్సిందంతా చదివింది. వెనక మూత విప్పి చూసింది. ర్యామ్ అని, చిటికెన వేలంత పచ్చటి ముక్క ఒకటుంది. దాని పక్కన అలాంటిదే ఇంకోటి పట్టే ఖాళీ ఉంది. ర్యామ్ అంటే వంటింట్లో గట్టు లాంటిది. గట్టు ఇరుకైతే ఎంత పనిమంతురాలైనా గిన్నె ఎక్కడ దింపుకుంటుంది? ఇంకో ముక్క తెచ్చి పక్కన పెడితే సరి.

బుధవారం పొద్దున్నే ఆమె భీమవరం వెళ్ళడానికి చెప్పులేసుకుంది. ఇంట్లో మూడు మగ బుర్రలుండగా కోడలు వెళ్ళి కంప్యూటర్ షాపులో నిలబడితే పరువేం కావాలని మామగారు అడ్డం పడ్డారు. మిషను సామాను సంగతి నీకెందుకు, పోపు మాడిపోతోంది చూసుకో అన్నాడు వీరభద్రం. వాదించవచ్చు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో వాదించి గెలిచిన రోజు పని సాగిన దాఖలా మాత్రం లేదు. ఆమె పచ్చముక్కని ఊడదీసి తాతాజీకి చూపించింది.

"దీన్ని చేతిలో పట్టుకెళ్ళు. ఈ బంగారు రంగు పళ్ళున్నాయే, వీటిని చేత్తో ముట్టుకోకు. షాపాయనకి చూపించు."

అంతే. చేతిలో పట్టుకోవాలి, చేత్తో ముట్టుకోకూడదు. ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఆలోచించారు. తాతాజీ వంటింట్లోకి పరిగెత్తి పట్టకారు తెచ్చాడు. అన్నం గిన్నె దింపే పట్టకారుతో ముక్కని పట్టుకుని భీమవరం బస్సెక్కాడు. పట్టు వదిలితే పడిపోతుందని సీటు ఖాళీగా ఉన్నా దారి పొడుగునా నిలబడే ఉన్నాడు. తమ్ముడు పడిపోకుండా వీరభద్రం అతన్ని పట్టుకున్నాడు. నాగభూషణం గారు వీరభద్రాన్ని పట్టుకున్నారు. కండక్టరు టిక్కెట్టిస్తే తీసుకోడానికి ఒక్క చెయ్యీ ఖాళీ లేదు.

సాయంత్రానికి ముగ్గురూ నవ్వుకుంటూ వచ్చేశారు. పట్టకారులో పాత ముక్క అలాగే ఉంది. కొత్తదేదని అడిగింది సత్యవేణి.

"చూపించమన్నావు, చూపించాం వదినా. ఆయ్, ఉందండి, ఇమ్మంటారా అన్నాడాయన. మేమేవైనా చేతకానివాళ్ళమా? మా వదిన చూపించమంది గాని తీసుకోమనలేదని చెప్పి వచ్చేశాం."

ఇలాంటి షాపులవాళ్ళు మాటల్లో పెట్టి సామాను అంటగట్టేస్తారని, మన తాతాజీ కాబట్టి తప్పించుకొచ్చాడని నాగభూషణం గారు కొడుకు వీపు తట్టారు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మర్నాడు తానే వెళతానంది. మొదలుపెట్టిన పని మధ్యలో ఆడదాని చేతికి ఇస్తే నలుగురూ ఏమనుకుంటారని ఈసారి ముగ్గురూ కలిసి అడ్డం పడ్డారు. సరే, ఈసారి మాట మిగలకుండా చెప్పింది. కొనండి, డబ్బివ్వండి, ఇంటికి తెండి. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. అచ్చం ఇలాంటిదే ఉండాలి.

ఇంకేముంది, గురువారం షాపులో పంచాయతీ మొదలైంది. షాపాయన సరైన ముక్కే తీశాడు. పక్కపక్కన పెట్టి చూశారు. కొత్తది తళతళలాడుతోంది. పాతదాని మీద అయిదేళ్ళ దుమ్ముంది, మూల ఒక గీత కూడా పడింది. అచ్చం ఇలాంటిది కాదు కదా అన్నాడు వీరభద్రం. వాడితే దుమ్ము అదే పడుతుందండి అన్నాడాయన. అప్పుడు పడే దుమ్ముతో మాకేం పని, ఇప్పుడుండాలి అన్నారు నాగభూషణం గారు. షాపులో ఉన్న ముక్కలన్నీ తీయించారు. ఒక్కదానికీ దుమ్ము లేదు. చివరికి తాతాజీ బల్ల కింద తుక్కు అట్టపెట్టెలో తల దూర్చి ఒకటి పట్టుకొచ్చాడు. బోలెడంత దుమ్ము, మూల గీత. అది బల్ల మీద పెట్టే పెద్ద కంప్యూటర్‌దనీ, ల్యాప్‌టాప్‌లో పట్టదనీ షాపాయన మొత్తుకున్నాడు. ఇది పాతదానికి రెండింతలు పొడుగుందనీ చూపించాడు. పొడుగెక్కువైతే మెమరీ కూడా ఎక్కువే వస్తుందని, ఆ సంగతి బయటపడకుండా ఈయన నాటకమాడుతున్నాడని ముగ్గురికీ ఒకేసారి తట్టింది. వద్దంటున్నా ఆయన చేతిలో డబ్బు కుక్కి బయటపడ్డారు.

ఇంటికొచ్చాక సత్యవేణి రెండూ చేతిలోకి తీసుకుని చూసింది. కొత్తది పొడుగు. పైగా పళ్ళ మధ్య గాడి ఉంటుంది కదా, అది దీనికో చోట, దానికో చోట ఉంది.

"రెండిటికీ గాడి ఒక్కచోట ఉండాలి. లేకపోతే పెట్టినా పట్టదు," అని చెప్పి, రేపు పొద్దున్నే వెళ్ళి నేనే తెచ్చుకుంటానని, రెండు ముక్కలూ బల్ల మీద పెట్టి, వానొస్తోందని పెరట్లో బట్టలు తియ్యడానికి వెళ్ళింది.

తీగ మీద పంచెలు మూడే. అవి తీసి మడతపెట్టేలోపు పని అయిపోయింది. హాల్లో కరకరమని చప్పుడు. నాగభూషణం గారు ఇనుము అరగదీసే ఆకురాయితో కొత్త గాడి కోస్తున్నారు. ఆయన చేతిలో ఉన్నది పాత ముక్క. మొన్నటిదాకా బాగా పనిచేసిన ముక్క. బంగారు రంగు పళ్ళు పొడిపొడిగా నేల మీద రాలిపోయాయి.

"గాడులు కలిసిపోయాయి అమ్మాయ్, చూసుకో," అన్నారు. ముట్టుకోవద్దన్న పళ్ళని చేత్తో ఒక్కసారైనా ముట్టుకోలేదని, ఆకురాయే ముట్టుకుందని కూడా చెప్పారు.

సత్యవేణి చేతిలో పంచెలు బల్ల మీద పెట్టింది. తరవాత ఒక్కటే అడిగింది. కలవకపోతే కొత్తదాన్ని గదా కొయ్యాలి, దీన్నెందుకు కోశారు?

వీరభద్రానికి పెళ్ళాం అమాయకత్వం మీద జాలేసింది.

"కొత్తది డబ్బు పోసి తెచ్చింది. దాన్ని పాడుచేస్తామా? ఇది ఇంట్లో పడున్నదేగా, ఎంత అరగదీసినా అడిగేవాళ్ళెవరు?"

ఆ మాటకి ఆమె భర్తకేసి ఒకసారి, ఆకురాయికేసి ఒకసారి చూసింది. ఈ ఇంట్లో ఏ రెండు కలవకపోయినా ఆకురాయి ఎటు తిరుగుతుందో ఆమెకి ముక్కలు కొనకముందు నుంచీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో అందరూ సర్దుకుపో అన్నారు. ఆ మాటకి చప్పుడు ఎలా ఉంటుందో మాత్రం ఈరోజే విన్నది.

శుక్రవారం తెల్లారగానే చీర మార్చుకుని, అరిగిపోయిన ముక్కతో పాటు ల్యాప్‌టాప్‌నే సంచిలో పెట్టుకుంది. నాగభూషణం గారు నోరు తెరవబోయారు గాని, కోడలి మొహం చూసి ఆవులింతగా మార్చుకున్నారు. అన్నం వండాను, పులుసు కాచాను, పెట్టుకు తినండి అని చెప్పింది. మళ్ళీ బల్ల మీద ఆ పొడుగుముక్కని, దాని పక్కన ఆకురాయిని చూసి గుమ్మంలో ఆగింది.

"నేనొచ్చేదాకా ఏదీ దేన్లోనూ పెట్టకండి."

భీమవరంలో పని గంటలో అయిపోయింది. అరిగిపోయిన ముక్క మీద కాగితం ఇంకా అంటుకునే ఉంది. ఆమె దాని మీద రాసినదంతా చదివి చెప్పింది. షాపాయన జోడీ ముక్కలు రెండు తీసి, ల్యాప్‌టాప్‌లో బిగించి, వేసి చూపించాడు. నిన్నటి తుక్కుపెట్టె సంగతి అడుగుదామనుకున్నాడు గాని, ఇంటిపేరు బిల్లులో రాసుకుంటూ తల వంచుకున్నాడు. అక్కడే ఒక కుర్చీ అడిగి కూర్చుంది. పువ్వులన్నీ గుడ్డ నిండా పరుచుకున్నాయి. మిగిలిన అంచు గీసి మూడింటికల్లా మద్రాసు పంపించింది. నాలుగింటికి డిజైను బాగుంది, దారం పంపిస్తున్నామని జవాబొచ్చింది. వీధిలో ఆడవాళ్ళకి ఫోను చేసి చెప్పింది. ఒక టీ తాగింది. బస్సులో కూర్చునే వచ్చింది.

ఆమె వీధిలోకి తిరిగేసరికి పొద్దు వాలుతోంది, సన్నగా వాన. ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గేటు బయట మామగారు, మొగుడు, మరిది వరసగా నిలబడి తడుస్తున్నారు. ఒంటి మీద చొక్కాల్లేవు. కాళ్ళకి చెప్పుల్లేవు.

ఏమైందని అడిగింది.

అంతా నువ్వు చెప్పినట్టే జరిగిందన్నారు నాగభూషణం గారు, పళ్ళు టకటకలాడుతుంటే. స్నానం చేసి వచ్చి చొక్కా వేసుకోబోతే చెయ్యి చొక్కాలో పెట్టాల్సి వచ్చింది, మానేశారు. ముద్ద నోట్లో పెట్టాలి, మానేశారు. ప్లగ్గు బోర్డులో పెట్టాలి కాబట్టి టేబులు ఫ్యాను వేసుకోలేదు. పంచెలు మాత్రం చుట్టుకునేవే గాని దేన్లోనూ పెట్టేవి కావని చాలాసేపు చర్చించి కట్టుకున్నారు. మధ్యాన్నం ఆమె బస్సొచ్చిందేమోనని ముగ్గురూ గేటు దాటి చూశారు. అక్కడే ఇరుక్కుపోయారు.

"కాలు ఇంట్లో పెట్టాలి కదా వదినా," అన్నాడు తాతాజీ.

అంత వానలోనూ ముగ్గురి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఒక్కటి కూడా తప్పలేదట.

సత్యవేణి వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. కాళ్ళు కడుక్కుంది. అన్నంలో పులుసు కలుపుకుని నిదానంగా తిన్నది. కంచం కడిగి బోర్లించాక గుమ్మంలోకి వచ్చి, ఇంక పెట్టుకోవచ్చని చెప్పింది.

తరవాతి నెల ఆమె స్టేషను రోడ్డులో ఒక గది అద్దెకు తీసుకుని ల్యాప్‌టాప్‌ని అక్కడికి మార్చింది. తాళంతో పాటు వచ్చిన రెండు చెవులూ తన దగ్గరే ఉంచుకుంది.