చాపల వీధి వంతు చెంబు

అనగనగా ఏటి ఒడ్డున ఒక వీధి. ఆ వీధిలో ఇరవై ఇళ్ళు. అందరూ జమ్ము కోసుకొచ్చి చాపలు అల్లుకునేవాళ్ళే.

వీధి చివరి పాకలో బసవయ్య తాత ఉండేవాడు. ఒకప్పుడు ఏట్లో పడవ నడిపినవాడు, పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. నా అన్నవాళ్ళు లేరు. అయినా ఆయనకు ఏ లోటూ లేదు, ఎందుకంటే ఆ వీధికి ఒక వంతు చెంబు ఉంది. ఆ ఇత్తడి చెంబు ఏ ఇంటి గడప మీద ఉంటే, ఆ రోజు ఆ ఇంటివాళ్ళే తాతకు గంజి పట్టాలి, ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి. మర్నాడు పొద్దున్నే చెంబు పక్కింటి గడప ఎక్కుతుంది. గడప మీది చెంబును వంతు ఒప్పుకోకుండా దాటకూడదు. అది పెద్దల నాటి కట్టుబాటు.

రాజుగారు కూడా వారానికోసారి వైద్యుణ్ణి, నెలకోసారి బియ్యం పంపేవారు.

ఒకనాడు మంత్రి రాజుగారి చెవిన ఒక మాట వేశాడు. జనం తమంతట తామే ఇంత చక్కగా చూసుకుంటుంటే మధ్యలో మన వైద్యుడెందుకు, మన బియ్యమెందుకు అన్నాడు. రాజుగారికి అది సబబుగానే తోచింది. రెండూ మాన్పించి, మెచ్చుకోలుగా ఆ వీధికి ఒక పట్టుశాలువా పంపారు. శాలువా చాలా బాగుంది. గంజి కాచడానికి మాత్రం పనికిరాలేదు.

ఆ ఏడు వానలు లేవు. ఏరు ఎండింది, జమ్ము మొలవలేదు. సగం ఇళ్ళవాళ్ళు పని వెతుక్కుంటూ వలస పోయారు. మిగిలిన ఇళ్ళలో జ్వరాలు. చెంబు నాంచారమ్మ గడప దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

నాంచారమ్మకు చంటిబిడ్డ ఉంది. తాత దగ్గరుంటే బిడ్డ ఏడుస్తోందేమోనని గుబులు. బిడ్డ దగ్గరుంటే తాత దాహానికి అల్లాడుతున్నాడేమోనని బెంగ. ఒక్కతే ఆయనను పక్కకు ఒత్తిగిలించలేకపోయింది. తాత వీపు మీద పుండు పడింది. మొదట చింతగింజంత ఉండేది, తర్వాత రేగుపండంత అయింది, తొమ్మిదో నాటికి అరచేయంత అయింది. రేపు పాక తలుపు తీసేసరికి తాత ఉంటాడా అని ఆమెకు ప్రాణం గిలగిల్లాడింది.

బిడ్డను చంకనేసుకుని కోటకు వెళ్ళింది. మీ వీధిని రాజుగారు సభలో ఎంత పొగిడారో తెలుసా అని భటులు గుమ్మంలోంచే సాగనంపారు. రెండోసారి వెళ్తే మంత్రి ఎదురొచ్చి ఇంకో శాలువా కప్పాడు.

మూడోసారి ఆమె చెంబు తీసుకెళ్ళింది. రాజుగారు బయటికి వచ్చే వేళకు దాన్ని కోట గడప మీద పెట్టి, పక్కన నిలబడింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు రాజు.

"వంతు చెంబు మహారాజా. మా ఇళ్ళ వంతులు అయిపోయాయి. ఇవాళ మీ ఇంటి వంతు."

కోట చాపల వీధిలో లేదు కదా అని మంత్రి కసిరాడు.

"నిజమేనయ్యా. మరి చాపల వీధి రాజుగారి రాజ్యంలో ఉందా, లేదా? అదొక్కటి చెప్పండి, చెంబు తీసుకుని వెళ్ళిపోతాను."

గడప దాటబోయిన రాజు కాలు వెనక్కి తీసుకున్నాడు. వంగి చెంబు అందుకున్నాడు. చెంబుతోనే పాకకు వెళ్ళి తాతను తన చేతులతోనే ఒత్తిగిలించాడు. పుండు చూసి సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ పూటే వైద్యుడు వచ్చాడు, బియ్యం వచ్చింది, తాతను కనిపెట్టుకుని ఉండడానికి ఇద్దరు పరిచారకులు వచ్చారు.

వీధివాళ్ళు అమ్మయ్య అనుకున్నారు. ఇక మనకెందుకని చెంబును నాంచారమ్మ ఇంటి అటక మీద పడేశారు.

పుండు మానుతోంది. పరిచారకులు వేళకు అన్నీ చేస్తున్నారు. కానీ తాత గంజి మింగడం మానేశాడు. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. నాంచారమ్మకు మళ్ళీ గుండెల్లో రాయి పడింది. గబగబా చెంబు దించి, చింతపండుతో తోమి, పాకలోకి పరిగెత్తింది.

చెంబు మెరుపు చూసి తాత పెదవి కదిలింది. "ఇవాళ ఎవరి వంతే అమ్మడూ?"

"మాదే తాతా."

తాత నోరు తెరిచాడు.

ఆ తర్వాత వైద్యుడూ ఆగలేదు, చెంబూ ఆగలేదు. వానలు పడి వలస పోయినవాళ్ళు తిరిగొచ్చాక, చెంబు ఇరవై గడపలు తిరిగి, ఇరవై ఒకటో నాడు కోట గడప ఎక్కేది.

పక్కింటివారి సాయం ఎంత గొప్పదైనా ఏలినవారి బాధ్యతకు బదులు కాదు. ఏలినవారు ఎంత చేసినా పక్కింటివారి పలకరింపుకు సాటి రాదు.