పటంలో లేని వాగు

అనగనగా ఒక రాజ్యం. అందులో మూడు పట్టణాలు: కోటూరు, సంతూరు, నేతూరు. మూడింటికీ ఒకటే బాధ. చెత్త.

వీధి చివర పోస్తే వీధి నిండింది. ఊరి బయట పోస్తే పక్క ఊరు కర్రలతో వచ్చింది. విసిగిపోయిన రాజు మంత్రిని పిలిచాడు. మంత్రి ఆరు నెలలు ఆలోచించి, మూడు ఊళ్లకూ కలిపి ఒకే దిబ్బ అన్నాడు. మంచి ఆలోచనే. కానీ ఎక్కడ?

"మా వైపు వద్దు" అంది కోటూరు. సంతూరూ అదే అంది. నేతూరూ అంతే.

మంత్రి పటం పరిచి, మూడింటికీ దూరంగా ఒకచోట వేలు పెట్టాడు. "ఇక్కడ ఖాళీ. అడ్డు చెప్పేవారే లేరు."

ఆ వేలి కింద నాంచారి ఇల్లుంది.

ఇల్లంటే పాక. అలాంటివి ఎనిమిది, ఎండిన వాగు ఒడ్డున. వేసవి వస్తే వాళ్లు ఇసుకలో పుచ్చపాదులు పెడతారు. తాగడానికి అదే ఇసుకలో చెలమ తవ్వుకుంటారు. మోచేతి లోతున నీళ్లు ఊరుతాయి.

బండ్లు వచ్చాయి, కుమ్మరించి పోయాయి. నెల తిరిగేసరికి చెలమ నీళ్లకు వాసన పట్టింది. నాంచారి ఇంకోచోట తవ్వింది. అక్కడా వాసనే. ఆరేళ్ల కూతురు సీతాలుకు కడుపునొప్పి, జ్వరం. నాంచారికి కాలు నిలవలేదు. తవ్వేది, వాసన చూసేది, పారబోసేది, మళ్లీ తవ్వేది.

"పిన్నీ, పిల్లను చూస్తుండు. రాజును అడిగొస్తా" అంది పక్క పాక గురవమ్మతో.

"అడుగు. పేడ మన నెత్తిన పోసినవాళ్లు పన్నీరు పోసి పంపిస్తారు" అంది గురవమ్మ.

నాంచారి ముందుగా కొలతల అధికారి దగ్గరకు వెళ్లింది. "అయ్యా, మా వాగులో చెత్త పోస్తున్నారు."

ఆయన పటం చూశాడు. "ఇక్కడ వాగు లేదమ్మా."

"వానల్లో వచ్చి చూడండయ్యా."

"వానల్లో కొలతకు వెళ్లం. తడిస్తే తాడు పొట్టిదవుతుంది. మా తాతలనాటి నుంచీ అంతే."

ఆ రాజ్యంలో కొలతలన్నీ ఎండల్లోనే. అందుకే పటంలో వానవాగు ఒక్కటీ లేదు.

తర్వాత మంత్రి దగ్గరకు వెళ్లింది. "మూడు ఊళ్లూ ఒప్పుకున్నాయి తల్లీ" అన్నాడాయన.

"మా ఊరిని అడిగారా?"

"పటంలో మీ ఊరేది?"

నాంచారి వేలు పెట్టి చూపింది. అక్కడ చుక్క సిరా కూడా లేదు. "ఉన్నామండీ. నేను అక్కడి నుంచే వచ్చాను."

మంత్రి నవ్వి పంపేశాడు.

చివరికి రాజు ముందు నిలబడింది. పిల్ల ఎలా ఉందోనని ప్రాణం కొట్టుకుంటోంది. ఎక్కువ మాట్లాడలేదు.

"ఒక్కసారి మా ఇంట మంచినీళ్లు తాగిపోండి ప్రభూ. ఇంకేం వద్దు."

నీళ్లిస్తామన్న వాళ్లను కాదనడం ఆ రాజ్యంలో ఆచారం కాదు. రాజు కదిలాడు. వెంట మంత్రి, మూడు ఊళ్ల పెద్దలు, ముక్కులకు ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుని.

నాంచారి మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తోడింది. నీళ్లు ఊరాయి. చెంబు నింపి ఇచ్చింది. రాజు వాసన చూసి మంత్రికిచ్చాడు. మంత్రి కోటూరు పెద్దకిచ్చాడు. ఆయన సంతూరుకు, ఆయన నేతూరుకు. చెంబు చేతులు మారింది. గుక్క తగ్గలేదు.

"ఇవెలా తాగుతారమ్మా?" అన్నాడు నేతూరు పెద్ద.

"నా కూతురు తాగింది. రేపు మీరూ తాగుతారు. ఇసుక కింద నీళ్లు ఆగవు బాబూ. పల్లానికి పోతాయి. పల్లాన ఉన్నవి మీ బావులే."

సంతూరు పెద్ద ముఖం పాలిపోయింది. బావి నీళ్లు కంపని భార్య నాలుగు రోజులుగా పోరుతుంటే, ఎలుక పడిందేమోనని ఆయన వెతికిస్తున్నాడు.

మర్నాడే బండ్లు పోసిన చెత్తను ఎత్తుకుని వెనక్కి మళ్లాయి. కుళ్లేది ఏ ఊరిది ఆ ఊరి పొలాలకు ఎరువైంది. పెంకులు బండిదారి గుంతలు పూడ్చాయి. మిగిలిన కాస్తకు నీళ్లు ఇంకని ఒక రాతినేల వెతికారు. ఈసారి చుట్టూ ఉన్నవాళ్లను అడిగి వెతికారు. కొలతలవాళ్లు వానలో తడిశారు. తాళ్లూ తడిశాయి.

సీతాలు కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. వాగుకు రెండు వానాకాలాలు. అప్పటిదాకా నాంచారి ప్రతి చెంబూ వాసన చూసే పిల్లకిచ్చింది.

ఎవరినీ అడగకుండా, ఖాళీ అనుకున్న చోట పోసిన చెత్త, తిరిగి మన చెంబులోకే వస్తుంది.