పదివేల పొయ్యిలు

సముద్రపు ఒడ్డున ఒకానొక పెద్ద రాజ్యం ఉండేది. దానిని వీరకంఠీరవుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే లోకంలో ఎవరు ఎక్కడ తుమ్మినా తన సింహాసనం మీదే తుమ్మారనుకునే రకం.

ఒకనాడు ఓడ వర్తకులు ఒక కబురు తెచ్చారు. ఆరు నెలల ప్రయాణ దూరంలో ఉన్న తామ్రద్వీపంలో రైతులు ఎర్ర తలపాగాలు చుట్టి, భూస్వాములను తరిమేసి, "భూమి ఒకడి సొత్తు కాదు, పంట అందరిదీ" అంటున్నారట. దానికి ఉమ్మడి మతమని పేరట.

మంత్రి అహోబలయ్య గడ్డం నిమురుకున్నాడు. "ప్రభూ, ఇది అంటురోగం. నేడు ఆ ద్వీపం, రేపు దాని పక్క ద్వీపం, ఎల్లుండి మన రేవు. అక్కడే తుంచెయ్యాలి."

"పదివేలమందిని ఓడలెక్కించండి," అన్నాడు రాజు.

ఆ సభలో కొమ్మన అనే హాస్యగాడు ఉన్నాడు. రాజుగారిని నవ్వించడమే అతని కొలువు. ఆ పూట మాత్రం అతనికే నవ్వు రాలేదు. ఆ దండులో సగంమందిని పేరుపెట్టి పిలిచే చనువు అతనికుంది. ఆరు నెలల సముద్రం, ఆ పైన దారి తెలియని అడవులు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చేది కొద్దిమందేనని అతనికి తెలుసు.

"మహాప్రభూ, చిన్న సందేహం," అన్నాడు లేచి. "అంటురోగమన్నారు గదా. వెళ్ళిన మనవాళ్ళకే ముందు అంటుకుంటేనో?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి పైకప్పు వైపు చూశాడు.

"మూడు రోజులు దండును నాకప్పగించండి," అన్నాడు కొమ్మన. " ఉమ్మడి అన్న వాసన కూడా లేకుండా కడిగి ఇస్తాను."

"సరే. దండుకు ఏ లోటు వచ్చినా మొదటి ఓడలో ముందు నిలబడేది నువ్వే," అన్నాడు రాజు.

మర్నాడే కొమ్మన విడిదిలో రాజాజ్ఞ చాటించాడు. ఇకమీదట ఎవడి సొత్తు వాడిదే. పెద్ద గంగాళాల్లో వంట ఆపాలి. ఎవడి కుండ వాడిది, ఎవడి పొయ్యి వాడిది. డేరాలు కూడా పంచిపెట్టాడు. ఎనిమిదిమంది పడుకునే డేరాలో ఒకడికి గుంజ, ఒకడికి గుడ్డ, తక్కినవాళ్ళకు తలా ఒక తాడు.

మూడోనాటి మధ్యాహ్నం రాజు మంత్రితో కలిసి చూడవచ్చాడు. పదివేల పొయ్యిల పొగకు గుర్రం అడుగు ముందుకు వెయ్యనంది. ఒక్క డేరా కూడా లేవలేదు. గుంజ వచ్చినవాడు దానిని కౌగిలించుకుని ఎండలో కూర్చున్నాడు. బావి దగ్గర చేదగలవాడూ తాడుగలవాడూ తగువులాడుకుంటున్నారు. వరసలో నిలబడమంటే నిలబడ్డారు గానీ, ఎప్పుడూ పక్కవాణ్ణి కూడా కాసే డాలును ఎవడికివాడు తన రొమ్ముకే అడ్డం పెట్టుకున్నాడు. వరస నిండా కంతలే.

పొగకు రాజుగారి గొంతు ఎండిపోయింది. పోలయ్య అనే ముసలి బంటు భుజాన నీళ్ళ తిత్తి కనబడింది.

"కాసిని నీళ్ళియ్యవోయ్."

పోలయ్య చేతులు కట్టుకున్నాడు. "చంపినా పడతాను బాబుగారూ. పంచుకుంటే ఆ మతంలో కలిసినట్టేనని చాటింపేశారండి. తమరి ఆజ్ఞే కదండీ."

రాజు ముఖం కందిపోయింది. "కొమ్మనా, నా దండును పాడుచేశావు."

"లేదు ప్రభూ, ఉమ్మడిని కడిగేశాను. కడిగితే ఇదే మిగిలింది. కలిసి వండుకుని, ఒకడి డాలు చాటున ఇంకొకడు బతికే మనుషులు వీళ్ళు. పొలంలో అలా బతుకుతామన్నవాళ్ళను చంపిరమ్మని వీళ్ళనే పంపుతున్నారు."

"భూస్వాములను తరమడం ధర్మమా?" అన్నాడు మంత్రి.

"నాకు తెలియదు మంత్రిగారూ. రేపు వాళ్ళే నాలుక కరుచుకోవచ్చు. అది వాళ్ళ ఇంటి తగువు. మన రేవు మీద ఒక్క రాయైనా వేశారా? మరి మనం ఎందుకు వెళుతున్నట్టు?"

రాజే గొంతు తగ్గించి అన్నాడు. "ఆ మాట మన రైతుల చెవిన పడుతుందని భయం, కొమ్మనా."

"భయం ఇక్కడుంటే మందు అంత దూరం మోసుకెళ్ళడమెందుకు ప్రభూ? ఓడల్లో నింపిన బియ్యం మన పల్లెలకే పంపండి. కడుపు నిండిన రైతు ద్వీపం కబుర్లు విని ఆవులించి పడుకుంటాడు."

రాజు గుంజను కౌగిలించుకున్నవాడి వైపు చూశాడు. ముందు మీసం కదిలింది, తరవాత పొట్ట కదిలింది. దగ్గుతూనే పడీపడీ నవ్వాడు. ఓడలు ఖాళీ చెయ్యమన్నాడు, గంగాళాలు పొయ్యెక్కించమన్నాడు. తన చేతి కడియం తీసి కొమ్మనకు తొడిగాడు.

"బెడిసికొడితే నువ్వే ముందు పోయేవాడివి. ఎందుకింత తెగించావురా?"

కొమ్మన పొయ్యెక్కిన గంగాళం వైపు చెయ్యి చూపాడు. "ఇరవై ఏళ్ళ కిందట, కొలువు లేక తిరుగుతూ జ్వరంతో దండు దారిలో పడిపోయాను ప్రభూ. వీళ్ళు మోసుకొచ్చి నెల్లాళ్ళు ఈ గంగాళంలో గంజే పోశారు. ఎవరివాడివని ఒక్కరూ అడగలేదు. మిమ్మల్ని ఇన్నేళ్ళు నవ్వించానంటే అది వాళ్ళ చలవే. ఆ మాట వాళ్ళతో చెప్పాలంటే నాకెప్పుడూ నోరు పెగల్లేదు."

రాజు ఆ పూట బంట్ల బంతిలోనే కూర్చున్నాడు. కొమ్మన కూర్చోలేదు. గరిటె పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, బంతి ఆ చివరిదాకా వడ్డించుకుంటూ పోయాడు. వేసిన విస్తళ్ళు పదివేలు. మనిషి లేని విస్తరి ఒక్కటీ లేదు.