కంబగిరి సారు కారులో చప్పుడు

ఓబులేసుకు దొరకని చప్పుడంటూ ఉండదని నంద్యాల మెకానిక్కుల్లో పేరు. అలాంటివాడు కంబగిరి సారు కారు ముందు చేతులెత్తేసే పరిస్థితి వచ్చింది.

షెడ్డు దస్తగిరిది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన పానా పట్టడం మానేసి, షెడ్డు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. పనంతా శిష్యుడు ఓబులేసు మీదే నడుస్తోంది. ఈ మధ్యే అతను బండ్లను పైకెత్తే లిఫ్టు కూడా పెట్టించాడు. బండి కింద దిగి పని చేసే పాత పిట్టు మీద చెక్కలు కప్పేశాడు.

కంబగిరి సారు ఒకప్పుడు హైస్కూల్లో ఆటల మేష్టారు. ఆయన గ్రౌండులో ఈల వేస్తే బజారులో పిల్లలు నడక వేగం పెంచేవారట. నీటికాసుల జబ్బు మెల్లమెల్లగా ఆయన రెండు కళ్లనూ తినేసింది. అప్పుడు ఆయన భార్య అనసూయమ్మ, అరవై దగ్గరపడుతున్న వయసులో, డ్రైవింగు నేర్చుకుంది. కరెంటు కారే కావాలని పట్టుబట్టి కొనిపించింది. ఇంజను మోత ఉండదు, గొంతు చించుకోకుండా మాట్లాడుకోవచ్చు అని.

కారు నడుపుతూ దారి పొడుగునా ఆమె చెబుతూనే ఉంటుంది. పూలంగడికి కొత్త రంగు వేశారు, చింతపండు బండ్లు వచ్చాయి, ఫలానావాళ్ల కోడలు స్కూటరు మీద పోతోంది. ఆమె మాటల్లోంచే ఆయన ఊరిని చూసుకునేవాడు. సాయంత్రాలు ఆమె ఆయన్ని పాత బడి గ్రౌండుకు తీసుకుపోయేది. పిల్లలు ఖోఖో ఆడుతుంటే ఆయన గట్టు మీద కూర్చుని వినేవాడు.

ఆ కారు ముందు చక్రాల దగ్గర చప్పుడు మొదలైంది. మొదట్లో గుంటలో పడితే టకటకా కొట్టుకునేది. ఓబులేసు లిఫ్టు మీదికెక్కించి చూశాడు. లింకు రాడ్లు వదులయ్యాయి, మార్చాడు. చక్రాలను మోసే లోయర్ ఆర్ముల రబ్బరు బుష్‌లు చిట్లిపోయాయి, అవీ మార్చాడు. షెడ్డు నిండా బండ్లున్న రోజది. గబగబా బిగించి పంపించేశాడు.

అనసూయమ్మ మళ్లీ వచ్చింది. "చప్పుడు పోలేదు నాయనా."

ఓబులేసు ప్రతి బోల్టూ పట్టి చూశాడు. చక్రాలు పట్టుకుని ఊపాడు. బైపాస్ దాకా తనే నడిపి చూశాడు. ఏమీ వినపడలేదు. బాగానే ఉందని చెప్పి పంపించాడు.

ఆమె మరోసారి వచ్చింది. ఈసారి పక్క సీటులో సారు కూడా ఉన్నాడు.

"సార్, నేనే స్వయంగా తిప్పి చూసినా. ఒక్క చప్పుడు రాలా," అన్నాడు ఓబులేసు.

"వస్తాంది నాయనా," అన్నాడు సారు. "ముందు కొట్టుకునేది. ఇప్పుడు మూలుగుతాంది."

"నాకెందుకు వినపడలేదు మరి?"

"ఏమో. నాకైతే అది వచ్చినప్పుడల్లా గుండె జారిపోతాంది. రోడ్డు కనపడేవాళ్లు గుంట వచ్చిందిలే అనుకుంటారు. నాకు గుంట ముందుగా కనపడదు కదా."

ఓబులేసుకు విసుగొచ్చింది. వెనక ఇంకో రెండు బండ్లు కాచుకుని ఉన్నాయి. "కండ్లు కనపడకపోతే చెవులు లేనిపోనివి వింటాయి సార్," అనేశాడు.

అనేశాక తనకే ఎలాగో అనిపించింది. సారు మాత్రం కోప్పడలేదు. "కావచ్చు," అన్నాడు చిన్నగా. తలుపు మీద ఉన్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అనసూయమ్మ కారు దిగి ఓబులేసు దగ్గరికి వచ్చింది. "ఆయన గ్రౌండుకు రావడం మానేసినాడు నాయనా. కారు ఎక్కమంటే ఏదో ఒక సాకు చెబుతాడు. ఈ పొద్దు కూడా బతిమాలి తీసుకొచ్చినా."

వాకిట్లో కూర్చున్న దస్తగిరి ఇదంతా వింటున్నాడు. లేచి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు.

"సారూ, కాసేపు వెనక సీట్లో కూర్చుంటారా?" అని సారును చెయ్యి పట్టి దింపి వెనక కూర్చోబెట్టాడు. తర్వాత ఓబులేసు వైపు తిరిగాడు. "నువ్వు సారు సీట్లో కూర్చో."

ఓబులేసు కూర్చున్నాడు. దస్తగిరి తన భుజం మీది తువ్వాలు తీసి శిష్యుడి కళ్లకు కట్టాడు. వణికే చేతులతో ముడి వేయడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏంది ఉస్తాద్ ఇది?"

"అమ్మా, రోజూ పోయే దారిలోనే పోండి," అన్నాడు దస్తగిరి అనసూయమ్మతో.

కారు కదిలింది. కదిలిందని ఓబులేసుకు ఒంటికి తెలిసిందే తప్ప చెవికి తెలియలేదు. ఎటు తిరుగుతున్నామో అంతు చిక్కలేదు. ఎన్నో ఏళ్లుగా తిరిగిన ఊరే, అయినా తను ఎక్కడున్నాడో తెలియలేదు. అనసూయమ్మ ఏమీ మాట్లాడటం లేదు. ఇదివరకు షెడ్డు ముందు నుంచి పోతున్నా దారి చెబుతూ వినపడే ఆమె, ఆ చప్పుడు మొదలైనప్పటి నుంచి అది తగ్గించేసిందని అతనికి అప్పుడు తట్టింది.

ఉన్నట్టుండి కారు ముందుకు వాలింది. కాళ్ల కింద ఎక్కడో, లోపల, ఏదో బరువుగా మెలిపడి మూలిగింది. నేలే కిందికి జారిపోతున్నట్టయింది. ఓబులేసు చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి కిటికీ మీది పిడిని గట్టిగా పట్టుకుంది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని భుజం మీద పడింది.

"భయం లేదు నాయనా," అన్నాడు కంబగిరి సారు. "బడి గేటు కాడ వాలు అది. మా ఆమె నిదానంగానే దింపుతుంది."

కారు ఆగింది. దూరంగా పిల్లల కేకలు వినపడుతున్నాయి. ఓబులేసు తువ్వాలు విప్పుకోలేదు. కళ్లు తడిసిన సంగతి ఎవరికీ కనపడకూడదని కాసేపు అలాగే ఉన్నాడు.

"విన్నా సార్," అన్నాడు చివరికి.

"విన్నావా?"

"విన్నా. ఉంది."

సారు పెద్దగా ఊపిరి వదిలి సీటుకు ఆనుకున్నాడు. చప్పుడు పోయినంత నెమ్మది ఆ ముఖంలోకి వచ్చింది. అనసూయమ్మ అద్దంలో చూసి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

షెడ్డుకు తిరిగి వచ్చాక దస్తగిరి అడిగాడు. "ఏం వినపడింది?"

"కొట్టుకోవడం కాదు ఉస్తాద్. నేను టకటక కోసం చూస్తా ఉన్నా. ఇది వేరే. నిదానంగా బరువు దిగేటప్పుడు ఏదో మెలి పడతాంది. బైపాస్‌లో ఉరికిస్తే యాడ వినపడుతుంది ఇది?"

"చెయ్యి కిందికి వేలాడెయ్యి," అన్నాడు దస్తగిరి.

ఓబులేసు కుడిచెయ్యి వేలాడేశాడు. దస్తగిరి అతని చొక్కాను చంక దగ్గర గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

"ఇప్పుడు ఎత్తు."

ఓబులేసు చెయ్యి ఎత్తబోయాడు. చొక్కా గుంజుకుపోయింది, కుట్టు పటపటమంది. "పట్టేస్తాంది ఉస్తాద్. చినుగుతుంది."

దస్తగిరి గుప్పిలి వదిలాడు. "మళ్లీ ఎత్తు." ఈసారి చెయ్యి ఎత్తాక పట్టుకున్నాడు. గుడ్డ ఎక్కడా గుంజలేదు.

ఓబులేసు చెయ్యి అలాగే పైకెత్తి నిలబడిపోయాడు. అతని చూపు మెల్లగా లిఫ్టు వైపు తిరిగింది.

కొత్త బుష్‌లు వేసిన రోజు కారు లిఫ్టు మీద ఉంది. చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. అలా వేలాడుతుండగానే బోల్టులు బిగించేశాడు. కిందికి దించితే కారు బరువంతా ఆర్ముల మీద పడి అవి పైకి లేస్తాయి. బిగుసుకుపోయిన రబ్బరు ఇక కదల్లేదు, మెలితిరుగుతుంది. అందులోనూ కడుపులో అంత బ్యాటరీ మోసే బండి. ఈ సంగతి అతనికి తెలియనిదేం కాదు. ఉస్తాదే ఎప్పుడో నేర్పాడు. ఆ రోజు తొందరలో ఉన్నాడు, అంతే.

దస్తగిరి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఓబులేసు పాత పిట్టు మీది చెక్కలు తీశాడు. లోపల దుమ్ము ఊడ్చి, కారును దాని మీదికి తెచ్చి నాలుగు చక్రాల మీద నిలబెట్టాడు. తర్వాత వచ్చి, "సార్, మీరు రోజూ కూర్చునే చోటే కూర్చోండి. అమ్మా, మీరు కూడా. మీ ఇద్దరి బరువూ ఉండాలి," అన్నాడు.

గుంతలో దిగి పానా పట్టాడు. పైన వాళ్లిద్దరి మాటలు సన్నగా వినపడుతున్నాయి. మొదటి బోల్టు వదులు చేయగానే ఆర్ము కిర్రుమని ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. కారు ముందు భాగం రవ్వంత కిందికి దిగి కుదురుకుంది. బుష్ మీద లైటు వేసి చూశాడు. రబ్బరు ఇంకా చిట్లలేదు. రెండో వైపు కూడా వదిలాడు. బానెట్ అంచు పట్టి కారును నాలుగుసార్లు ఊపమని పైన ఉన్న ఉస్తాదును అడిగాడు. దస్తగిరి వచ్చి ఊపాడు. కారు కుదురుకున్నాక, ఆ బరువు మీదే, ఓబులేసు ఒక్కొక్కటీ బిగించడం మొదలుపెట్టాడు.

"సార్," అన్నాడు కింద నుంచే. "ఇందాక నేనన్న మాట..."

"బోల్టు బిగించు నాయనా," అన్నాడు పైనుంచి సారు.

ఓబులేసు బిగించాడు.

"ఒకసారి తిరిగొచ్చి చెప్పండమ్మా," అని వాళ్లను పంపించాడు. అప్పటి నుంచి అతనికి కాలు నిలవలేదు. చేతికి వచ్చిన పని పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. దస్తగిరి కుర్చీలోంచి అతన్ని చూస్తున్నాడు.

ఎండ తగ్గాక కారు వచ్చింది. షెడ్డు ముందున్న కాలువ బండ మీద నిదానంగా ఎక్కి దిగింది. ఓబులేసు చెవి ఒగ్గి విన్నాడు. కంకర మీద టైర్లు నలిగిన సద్దు తప్ప మరేమీ లేదు. అద్దాలు దించి ఉన్నాయి. లోపల సారు గొంతు పెద్దగా వినపడుతోంది.

"...ఆ బడి పిల్లోడు చెప్పుల్లేకుండానే ఉరికినాడు అనసూయా, జిల్లా పోటీల్లో! ముల్లు గుచ్చుకున్న సంగతి కప్పు తీసుకున్నాక గానీ చెప్పలా నా కొడుకు!"

అనసూయమ్మ నవ్వుతూ కారు ఆపింది. సారు మోకాళ్లకు గ్రౌండు ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"ఓబులేసూ, ఉన్నావా?" అన్నాడు సారు కిటికీలోంచి. "నువ్వు ఏ బడిలో చదివినావు? ఖోఖో ఆడినావా ఎప్పుడైనా?"

"ఆడినా సార్, చిన్నప్పుడు."

"కాళ్లు చూస్తే తెలిసిపోయేది నాకు! రేపు రా గ్రౌండుకు. పిల్లోళ్లకు దూకడం రావట్లా. చూపిద్దువు."

"వస్తా సార్. మరి, ఆ చప్పు..."

దస్తగిరి ఎప్పుడు లేచి వచ్చాడో, పక్క నుంచి అతని మణికట్టు పట్టుకుని నొక్కాడు. ఓబులేసు ఆగిపోయాడు.

అనసూయమ్మ చెయ్యి ఊపింది. కారు కదిలింది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది: అదిగో, జామకాయల బండి, పెద్ద పెద్ద కాయలు, ఆపమంటారా? ఆ మాటలు మలుపు దాకా వినపడ్డాయి.

"పోయిందో లేదో చెప్పనే లేదు ఉస్తాద్," అన్నాడు ఓబులేసు.

"ఆయన మర్చిపోయినాడు," అన్నాడు దస్తగిరి. "నువ్వు గుర్తు చేయొద్దు."