పేడపురుగు అడిగిన మూల

అనగనగా ఒక పాత కంప్యూటరు. దాని పొట్టలో లైనక్సు అనే రాజ్యం. ఆ రాజ్యాన్ని ఏలే రాజు ఒక పెంగ్విన్ పక్షి.

రాజుగారి కొలువుకూటం పేరు మెమరీ. పని చేసే జీవులన్నీ తమ తమ మూటలతో అక్కడే కూర్చోవాలి. కూటం మరీ ఇరుకు. చోటు చాలకపోతే చట్టం ఒక్కటే. అందరికన్నా పెద్ద మూట ఎవరిదో చూసి, డేగ తలారి వాడి తల తీసేస్తాడు. తప్పొప్పులు అడగడు.

ఒకనాడు బయట మన లోకంలో, తొంభై ఏళ్ల అవ్వ పాత పాటలు పాడుతుంటే రోసమ్మ టీచరు వాటిని ఆ కంప్యూటరులో టైపు చేస్తోంది. ఆ పాటలు అవ్వకు తప్ప మరెవరికీ రావు. టీచరు సేవ్ చేయడం మరిచింది. పాటలన్నీ కొలువులో రాతపని చూసే గిజిగాడనే పిట్ట మూటలో ఉన్నాయి. వాడి తల తెగితే పాటలూ పోయినట్టే.

అంతలో కొలువుకు బొమ్మలవాడు వచ్చాడు. వార్తలవాడు వచ్చాడు. కూటం కిక్కిరిసింది. అందరిలోకీ పెద్ద మూట గిజిగాడిదే. డేగ కత్తి దూశాడు.

"ఆగు!" అన్నాడు రాజు. "తాబేలూ, వాడని మూటలు కొన్ని డిస్కు గోదాములో వేసి రా."

మూటలు మోసే తాబేలు బయలుదేరింది. గోదాము ఎక్కడో ఊరవతల. అది చేరేలోగా "నా మూట నాకు కావాలి" అని ఒకడు. తెచ్చేలోగా ఇంకొకడు. పోవడం, రావడం, అంతే పని. బయట రోసమ్మ ఎంత నొక్కినా తెర మీద ఒక్క అక్షరం పడలేదు.

రాజు బతిమాలాడు. "ఎవరైనా ఒకరు లేవండి నాయనా!"

"ముందు వాణ్ణి లేవమనండి" అన్నారు అందరూ. ఒక్కడు కదిలితే ఒట్టు.

డేగ కత్తి గిజిగాడి మెడ మీదికి వచ్చింది.

అప్పుడు గడప దగ్గర నుంచి పేడపురుగు పలికింది. "ప్రభూ, ఈ కూటంలోనే నాకో మూల ఇప్పించండి."

సభ గొల్లుమంది. "ఉన్నదే ఇరుకు, అందులో దీనికో మూలా!"

"ఈ మూటల్లో సరుకు కన్నా గాలి ఎక్కువ ప్రభూ. నేను బిగించి ఉండ చుడితే మూడు మూటలు ఒక్క మూట చోటులో పడతాయి. అడిగిన క్షణాన ఇక్కడే విప్పి ఇస్తాను."

"ఊరికేనా?" అడిగాడు రాజు.

"ఊరికే కాదు. చుట్టడానికీ విప్పడానికీ ఈ రాజ్యాన్ని నడిపే మీ ప్రాసెసరు ఎద్దుల బలం కొంత ఖర్చవుతుంది. బొమ్మలవాడి మూట ముందే బిగించి ఉంది, అది నావల్ల కాదు. ఉన్నమాట చెబుతున్నాను."

గొప్పలు చెప్పనివాణ్ణి రాజు ఆ పూట చూడటం అదే మొదలు. "మూల ఇచ్చాం!" అన్నాడు.

పురుగు ఒక ఉండ చుట్టింది. చోటు చాలలేదు. రెండో ఉండ. డేగ కత్తి ఎత్తాడు. మూడో ఉండ చుట్టగానే కూటంలో జానెడు నేల కనబడింది. ఇక చట్టానికి పని లేదు. డేగ కత్తి దించాడు. గిజిగాడు ఊపిరి పీల్చుకున్నాడు.

బయట ఆగిపోయిన అక్షరాలన్నీ తెర మీదికి బిలబిలా వచ్చాయి. రోసమ్మ ముందు సేవ్ నొక్కింది.

"ఏమైందే తల్లీ?" అడిగింది అవ్వ.

"ఏం లేదవ్వా. తర్వాతి పాట ఎత్తుకో."

కాబట్టి పిల్లలూ, చోటు చాలనప్పుడు దూరాన గోదాము వెతికేవాడికన్నా, ఉన్న మూటను బిగించి కట్టేవాడికి ఒక మూల ఇచ్చినవాడే తెలివైనవాడు.