అద్దం మీద నట్టు చప్పుడు

మీలో కారు తలుపు తీసేముందు వెనక్కి చూసేవాళ్లు ఎంతమంది? చేతులెత్తేముందు కాస్త ఆలోచించండి. అంతమంది నిజంగా చూసేవాళ్లే అయితే రవళి మోచేతికి ఆ కట్టు ఉండేది కాదు.

రవళిది ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తెచ్చే పని. మూసాపేట నుంచి అమీర్‌పేట దాకా రోజుకు ఎనిమిది గంటలు బండి మీదే. ఆ ఉదయం, ఆగి ఉన్న ఒక కారు తలుపు సరిగ్గా ఆమె ముందు తెరుచుకుంది. రవళి రోడ్డు మీద పడింది. తలుపు తీసిన పెద్దమనిషి ముందుగా తన తలుపుకు గీత పడిందేమో చూసుకున్నాడు.

సాయంత్రం ఆమె తిన్నగా ఎర్రగడ్డలో గఫూర్ మెకానిక్ షెడ్డుకు వచ్చింది. ఆరేళ్ల కిందట ఆమెకు బండి నడపడం నేర్పింది ఆయనే. అప్పటినుంచీ ఆమెకు ఆయన ఉస్తాద్. వంగిన హ్యాండిల్ ఆయన సరిచేస్తుంటే, రవళి డబ్బాలోంచి ఒక పెద్ద నట్టు ఏరుకుని జేబులో వేసుకుంది.

"అదెందుకు బిడ్డా?"

"అడ్డమొచ్చిన కారు అద్దమల్లా పలగ్గొడ్త ఉస్తాద్. నేనొక్కదాన్నే సక్కగ నడిపితే ఏమొస్తది? వాళ్లు మనల్ని మనుషుల్లెక్కనే చూడరు."

గఫూర్‌కు కూర్చోబెట్టి బుద్ధులు చెప్పే అలవాటు లేదు. ఎవరేమడిగినా బండెక్కి తిరగడమే ఆయన జవాబు. చేతులు పాత గుడ్డకు తుడుచుకుని, హెల్మెట్ తగిలించుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. "అమీర్‌పేట్ల కొంచెం సామాను తేవాలె. నడుపు."

షెడ్డు దాటారో లేదో, పక్కనుంచి పోతున్న ఆటో అతను తల బయటపెట్టి, "చెల్లె, స్టాండ్," అని చెప్పి వెళ్లిపోయాడు. సైడ్ స్టాండ్ కిందికే ఉంది. మలుపు తిరిగితే బండి పడేదే. రవళి మడమతో దాన్ని పైకి తన్నింది. ఆమె చూపు ముందున్న బస్సు మీదే ఉంది.

ఆ వేళ ఆ రోడ్డు మీద నడపడమంటే కాళ్లతో నేలను తోసుకుంటూ పోవడమే. మెట్రో స్తంభాల కింద పొగ కదలకుండా నిలిచి ఉంది. మోచెయ్యి సలుపుతోంది. కోపం రావడానికీ కొంత ఓపిక కావాలి. ఆమెకు అదీ అడుగంటింది. ఎస్సార్ నగర్ దగ్గర తెల్ల కారొకటి ఇండికేటరైనా వెయ్యకుండా అడ్డంగా దూరింది. రవళి బ్రేకు తొక్కింది. గఫూర్ హెల్మెట్ వచ్చి ఆమె హెల్మెట్‌కు టక్కున కొట్టుకుంది.

తర్వాతి సిగ్నల్ దగ్గర ఆ కారు దొరికింది. రవళి దాని ఎడమ పక్కన ఆపి జేబులో చెయ్యి పెట్టింది. నట్టు పిడికిట్లోకి వచ్చింది. చెయ్యి లేచింది.

అప్పుడు కనబడింది, వెనక తలుపు కిందనుంచి వేలాడుతున్న ఆకుపచ్చ చీర కొంగు. మూరెడు పొడవు, చక్రానికి జానెడు దూరం. లోపల ఒక పెద్దావిడ తల వాల్చి కునుకు తీస్తోంది.

నట్టు అద్దానికి తగిలింది. మెల్లగా, రెండుసార్లు.

"అమ్మా, కొంగు. కొంగు బయట పడ్డది."

పెద్దావిడ ఉలిక్కిపడి లేచి, వెనక్కి చూడకుండానే తలుపు తీసింది. రవళి బండిని పక్కకు వంచుకోకపోతే రెండో మోచెయ్యీ పోయేది. కొంగు లోపలికి వెళ్లింది. ముందు తలుపు అద్దం దిగింది. "ఏంది, అద్దం గీకుతున్నవ్? ఎంతనుకున్నవ్ ఈ కారు?" అన్నాడు నడిపే మనిషి. పచ్చ లైటు పడింది. కారు పోయింది.

అమీర్‌పేటలో బండి ఆపాక రవళి అన్నది: "చూసిన్రా ఉస్తాద్? మంచికి చెప్తే ఒక్క మాటన్న అనలే. పైగా తిట్టిండు."

గఫూర్ హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు.

"నీకు స్టాండ్ చూసి చెప్పిన ఆటోవాల మొహం యాదికున్నదా బిడ్డా?"

రవళి వచ్చిన రోడ్డు వైపు వెనక్కి చూసింది. ఆయన అరచెయ్యి చాపాడు.

"ఆ నట్టు ఇటియ్యి. ఎవరిదన్న బండికి పనికొస్తది."

రేపు సిగ్నల్ దగ్గర మీ అద్దాన్ని ఎవరైనా తడితే, తిట్టేముందు అద్దం దించి వినండి. తలుపు తీసేముందు మాత్రం ఒక్కసారి వెనక్కి చూడండి.