పాముపడవకి ఎవరి వంతు?

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఊరు. లంకంటే రావణాసురుడిది కాదులే, కళ్ళు అంత పెద్దవి చెయ్యకు. చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. ఆ నేల నిండా అరటి, కంద, చేమ. వాటి మధ్య ఎలకలు. ఎలకల వెనకాల పాములు.

ఆ ఊళ్ళో ఆసుపత్రి లేదు. ఏటి అవతల ఉంది. ఎందుకు లేదంటావా? అడగాల్సినవాళ్ళు అడగలేదు, కట్టాల్సినవాళ్ళు కట్టలేదు. అందుకని ఊరివాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. రేవులో ఒక పడవ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అందులో గడ్డి వెయ్యకూడదు, అరటి గెలలు వెయ్యకూడదు. పెళ్ళివారొచ్చినా ఎక్కకూడదు. ఎవరినైనా పాము కరిస్తే అవతలికి తీసుకుపోవడానికే అది. దాని పేరే పాముపడవ. రోజుకొక ఇంటివాళ్ళ వంతు. వంతు వచ్చినవాళ్ళు పొద్దున్నే పడవలో ఊరిన నీళ్ళు తోడాలి, రెండు తెడ్లూ ఉన్నాయో లేదో చూడాలి.

ఆ ఊళ్ళో వీరవేణి అని ఒక పిల్ల ఉండేది. నీకంటే కాస్త పెద్దది. వాళ్ళమ్మ కాసులమ్మ చేమ తోటల్లో పనికి పోయేది. ఇంట్లో ఆ ఇద్దరే. వేణికి ఒక గుణం ఉంది. ఎవరేం చెప్పినా "నీకెలా తెలుసు?" అని అడిగేది. వడియాలకి ఎండ చాలదంటే, "నీకెలా తెలుసు?" మేకకి ఆకలేస్తోందంటే, "నీకెలా తెలుసు?" వాళ్ళమ్మ నెత్తి కొట్టుకునేది. కానీ ఒక్కసారి కూడా నోరు ముయ్యమనలేదు. అది గుర్తుపెట్టుకో.

అప్పుడు ఒకరోజు కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన పడవ దిగాడు. చేతిలో పసుపు పచ్చ డబ్బా. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు: "మీ ప్రాణం మీ చేతుల్లోనే!" డబ్బాలో ఒక పంపు. సూదిమందు గొట్టం లావుగా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది. దాని మూతికి చిన్న గిన్నె. కరిచిన చోట గిన్నె బోర్లించి వెనక్కి లాగితే విషమంతా బయటికి వచ్చేస్తుందట. ఆసుపత్రీ అక్కర్లేదట, పడవా అక్కర్లేదట.

ఆయన తన చేతి మీదే పెట్టుకుని లాగాడు. చర్మం బూరెలా ఉబ్బింది. జనం "అబ్బో!" అన్నారు.

వేణి ముందుకొచ్చింది. "విషం ఏ రంగులో ఉంటుందండీ? వచ్చింది విషమో నెత్తురో ఎలా తెలుస్తుంది?"

ఆయన ముఖం మాడిపోయింది. "ఎవరి పిల్లమ్మా ఇది? పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఆడుకోడానికి పంపండి."

అడిగినదానికి జవాబు చెప్పకుండా అడిగినవాళ్ళ మీద విసుక్కున్నాడంటే, అక్కడ ఏదో ఉంది కన్నా. వేణి మనసులో ముల్లు గుచ్చుకుంది.

అయినా ఊరు పంపు కొనేసింది. సర్పంచి ఏడుకొండలు దాన్ని తన ఇంటి అరుగు మీద మేకుకి తగిలించాడు, అందరికీ అందేలా.

ఆ తర్వాత మొదటిసారి. చాకిరేవు దగ్గర ఒక ముసలమ్మని కందిరీగ కుట్టింది. పంపు పెట్టి లాగారు. సాయంత్రానికి మంట తగ్గింది. "చూశారా!" అన్నారు.

"కందిరీగ మంట సాయంత్రానికి మామూలుగానే తగ్గుతుందిగా?" అంది వేణి. ఎవరూ వినలేదు.

ఆ తర్వాత రెండోసారి. వల తీస్తుంటే ఒకాయన్ని నీరుకట్టె పాము కరిచింది. పంపు పెట్టి లాగారు. గిన్నెలో ఎర్రటి నీళ్ళు చేరాయి. మనిషికి ఏమీ కాలేదు. "చూశారా!" అని చప్పట్లు కొట్టారు.

"నీరుకట్టెకి విషమే లేదుగా!" అంది వేణి. "లేని విషాన్ని ఎలా లాగింది?"

"ఈ పిల్లకి అన్నీ అనుమానాలే," అన్నాడు ఏడుకొండలు. "రేపటినుంచి పడవ వంతులు లేవు. పంపుండగా పడవెందుకు?"

అంతే. చప్పట్లు కొట్టే చేతులు తెడ్డు పట్టడం మరిచిపోయాయి.

అప్పుడు వేణి తనే చూద్దామనుకుంది. పాత బొంత ముక్కని నీళ్ళలో నానబెట్టి, మడతలు పెట్టి, సర్పంచి గారి అరుగు మీద పెట్టింది. తుమ్మముల్లుని బట్టల నీలిమందులో ముంచి బొంతలోకి గుచ్చింది. వంద లెక్కపెట్టింది. పంపు అందుకుని లాగింది. గిన్నెలోకి నీళ్ళొచ్చాయి, నీలం కనీకనిపించకుండా. బొంత విప్పి చూస్తే మడత మడతకీ నీలం పాకిపోయి ఉంది.

"చూడండి సర్పంచి గారూ. పైనున్న నీళ్ళే వచ్చాయి. లోపలికి పోయింది పోయినట్టే ఉంది."

ఏడుకొండలు నవ్వాడు. "బొంతా మనిషీ ఒకటేనటే?"

"కాదండీ. మనిషిలో నెత్తురు పరిగెడుతుంది. బొంతలో పరిగెత్తదు. అందుకే నాకు ఇంకా భయంగా ఉంది."

ఏడుకొండలు నవ్వు ఆపేశాడు. కానీ వంతులు మాత్రం మళ్ళీ పెట్టలేదు.

ఆ తర్వాత వేణి రేవుకి పోయింది. పాముపడవ సగం నీళ్ళతో ఒరిగిపోయి ఉంది. తెడ్డు ఒకటే ఉంది. ఒకప్పుడు పడవలు నడిపిన సరంగు నూకరాజు తాత గట్టు మీద చుట్ట కాలుస్తున్నాడు.

"తాతా, ఇవాళ ఎవరి వంతు?"

"ఎవరిదీ కాదమ్మా."

"అయితే నాది," అంది వేణి. డొక్కు డబ్బాతో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది.

రెండో తెడ్డు కోసం ఊరంతా వెతికింది. చివరికి ఎక్కడ దొరికిందనుకున్నావు? సర్పంచి గారి పెరట్లో, బట్టలారేసే తాడుకి ఊతంగా. వేణి అక్కడ ఒక వెదురుకర్ర పెట్టి తెడ్డు లాక్కుపోయింది. వెదురు జారింది. సర్పంచి గారి భార్య పట్టుచీర మట్టిలో పడింది.

"ఓసి నీ దుంపతెగ! నా చీర బురదపాలు చేసి పడవ నడుపుతావుటే?" అని ఆవిడ సందు చివరిదాకా తరుముకుంటూ వచ్చింది. నవ్వకు, పడుకుని విను.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే వేణే తోడేది. చేతులు బొబ్బలెక్కాయి. పిల్లలు "పాముపడవ రాణీ!" అని వెక్కిరించారు.

అప్పుడు మూడోసారి వచ్చింది. మధ్యాహ్నం చేమ దుంపలు తవ్వుతుంటే కాసులమ్మ పాదం మీద రక్తపింజరి కాటేసింది. అవును కన్నా, వేణి వాళ్ళమ్మే.

ఇంటికి మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పంపు తెచ్చారు. ఒక గిన్నె లాగారు, ఎర్రగా నిండింది. రెండో గిన్నె లాగారు, ఎర్రగా నిండింది. మూడోది కూడా నిండింది. "వచ్చేస్తోంది, విషం వచ్చేస్తోంది!" అని అందరూ సంబరపడ్డారు.

వేణి గిన్నె వైపు చూడలేదు. అమ్మ కాలు వైపు చూసింది. పాదం మీద ఉన్న వాపు చీలమండ దాటింది. చీలమండ దాటి పిక్కకి ఎక్కింది. అమ్మ ఉమ్మితే ఉమ్ములో నెత్తురుంది.

"విషం బయటికి వస్తుంటే వాపు పైకెందుకు పోతోంది?" అని అరిచింది వేణి. "అమ్మని పడవెక్కించండి!"

"ఇంకో రెండుసార్లు లాగితే దిగుతుందే," అన్నాడు ఏడుకొండలు. ఆయన మళ్ళీ గిన్నె బోర్లించాడు. "అయినా పడవెక్కడుంది? మిగతావన్నీ గెలలేసుకుని పోయాయి. పాముపడవ ఎప్పుడో మునిగిపోయుంటుంది."

"రేవులోనే ఉంది. పొద్దున్నే తోడాను. తెడ్లు రెండూ ఉన్నాయి."

మంచం మీద కాసులమ్మ కళ్ళు తెరిచింది. "నా కూతురు అడిగితే జవాబు చెప్పండి. లేకపోతే అది చెప్పినట్టు చెయ్యండి," అంది.

అప్పుడు గుమ్మంలో కూర్చున్న నూకరాజు తాత చుట్ట పారేసి లేచాడు. "మంచం ఎత్తండ్రా!"

కాలి కడియాలు తీసేశారు. కాలు కదలకుండా పక్కన కర్ర పెట్టి గుడ్డతో వదులుగా కట్టారు. కోతలు లేవు, బిగుతు కట్లు లేవు, ఆమెని ఒక్క అడుగు కూడా నడవనియ్యలేదు. ఏడుకొండలు పంపు కింద పెట్టి, మంచంతో పాటు రేవుకొచ్చి రెండో తెడ్డు అందుకున్నాడు.

అవతలి ఒడ్డున ఆసుపత్రి. డాక్టరమ్మ చిన్నావిడ. గబగబా చూసి పాము మందు ఎక్కించాలంది. వేణి ఏం చేసి ఉంటుంది, చెప్పు?

"ఇది పనిచేస్తుందని మీకెలా తెలుసు?"

నూకరాజు తాత వేణి నోరు మూయబోయాడు. డాక్టరమ్మ మాత్రం విసుక్కోలేదు. కాసులమ్మ నెత్తురు కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి, బల్ల మీద పెట్టింది. "మామూలు నెత్తురైతే ఇరవై నిమిషాల్లో గడ్డకడుతుంది. విషం ఎక్కిన నెత్తురు గడ్డకట్టదు. నువ్వే కాపలా ఉండు."

వేణి గోడ గడియారాన్నీ గొట్టాన్నీ చూస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాలయింది. గొట్టం వంచితే నెత్తురు నీళ్ళలా జారింది.

అప్పుడు మందు ఎక్కించారు. పొద్దుగూకాక మళ్ళీ కొత్త గొట్టంలో పోశారు. మళ్ళీ ఇరవై నిమిషాలు. వేణి గొట్టం వంచింది. జారలేదు. ముద్దగా, గట్టిగా, అడుగున నిలబడింది.

వేణి అప్పుడు ఏడ్చింది. అంతసేపూ ఏడవలేదు మరి.

"ఆ పంపు లాగింది ఒంట్లోని నెత్తురే," అంది డాక్టరమ్మ. "విషం ఎప్పుడో లోపలికి పోయింది. దానితో కూర్చున్న ప్రతి నిమిషం మీ అమ్మ దగ్గర దొంగిలించిందే. ఇంకో గంట అక్కడే ఉంటే నేనేం చెయ్యగలిగేదాన్నో నాకే తెలీదు."

కొన్నాళ్ళకి కాసులమ్మ కుంటుకుంటూ ఇంటికొచ్చింది. ఆ మర్నాడు పొద్దున్నే వేణి డబ్బా పట్టుకుని రేవుకి పోతే, పడవలో అప్పటికే ఎవరో వంగి నీళ్ళు తోడుతున్నారు. ఎవరో తెలుసా? సర్పంచి ఏడుకొండలు. పక్కనే ఆయన భార్య, చీర కుచ్చెళ్ళు దోపుకుని.

"ఇవాళ మా వంతు," అన్నాడాయన, తల ఎత్తకుండా.

వేణి పడవ అడుగున చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఒక మూల ఇంకా తడి ఉంది.

"అక్కడ సరిగ్గా తోడలేదండీ," అంది.

ఆయన మళ్ళీ వంగాడు.

కథేమో కంచికెళ్ళింది,
పడవేమో రేవుకొచ్చింది.
అడిగే నోరు మేలుకోనీ,
అలిసిన కన్ను నిద్దరపోనీ.